నక్క తెలివి, పోలీసు ఓర్పు
('ది డే ఆఫ్ ది జాకాల్' నవల గుణదోషాలు)

పరీక్షిత్తు కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఏడో రోజున తక్షకుడి కాటుకు చనిపోతావని రాజుకు శాపం తగిలింది. ఆయన ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా పెట్టించి, విషవైద్యులను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అయినా తక్షకుడు వచ్చాడు. బ్రాహ్మణ వేషాల్లో వచ్చిన నాగులు కానుకగా తెచ్చిన పండులో చిన్న పురుగై లోపలికి చేరాడు. గడువు, కాపలా, ఆ కాపలా కళ్ళు కప్పే మారువేషం. ఈ మూడూ ఉంటే చాలు, వినేవాడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. హంతకుల కథలన్నిటికీ మూలసూత్రం ఇదే.

ఆ సూత్రాన్నే పట్టుకుని 1971లో ఫ్రెడరిక్ ఫోర్సైత్ అనే ఆంగ్ల రచయిత 'ది డే ఆఫ్ ది జాకాల్' రాశాడు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. పరీక్షిత్తు చనిపోయాడు. ఈ నవలలో హంతకుడు గురిపెట్టిన ఫ్రెంచి అధ్యక్షుడు చార్లెస్ డిగాల్ మాత్రం నిజజీవితంలో హత్యకు గురి కాలేదు. 1970 నవంబరు 9న తన ఇంట్లోనే అనారోగ్యంతో మరణించాడు. అంటే హంతకుడు గెలవడని పుస్తకం తెరవకముందే పాఠకుడికి తెలుసు. కొందరు ప్రచురణకర్తలు ఈ కారణం చేతనే రాతప్రతిని తిప్పి పంపారు. ముగింపు తెలిసిన కథను ఎవరు కొంటారు అన్నది వారి సందేహం.

ఈ సందేహం మనకు కొంచెం వింతగానే అనిపిస్తుంది. రావణుడు చస్తాడని తెలిసే కదా మన పెద్దలు తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూశారు! కీచకుడి గతి ఏమవుతుందో తెలిసే కదా హరికథకు చాపలు వేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు! ఏం జరుగుతుంది అన్న ప్రశ్న పోయినా, ఎలా జరుగుతుంది అన్న ప్రశ్న మిగులుతుంది. ఫోర్సైత్ నమ్ముకున్నది ఆ రెండో ప్రశ్ననే. అతని నమ్మకం వమ్ము కాలేదు. పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1972లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం వారి ఎడ్గార్ బహుమతి పొందింది. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చింది. 1988లో మలయాళంలో మమ్ముట్టి నటించిన 'ఆగస్ట్ 1' చిత్రానికి కూడా ప్రేరణ ఈ కథే. 2024లో టెలివిజన్ సీరియల్‌గా మళ్ళీ కొత్త రూపం ఎత్తింది.

ఇంతకాలం నిలిచిన పుస్తకంలో ఏదో బలం ఉండాలి. ఆ బలం చాటున కొన్ని లోపాలు దాగి ఉండటం కూడా సహజం. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ, మధుబాబు గారి షాడోనూ వెంటాడి చదివిన తరం మనలో చాలామందిమి. ఆ అలవాటుతోనే ఈ నవలనూ త్రాసులో వేసి చూద్దాం.

చారిత్రక నేపథ్యం

అల్జీరియా 1830 నుంచి ఫ్రెంచివారి చేతుల్లో ఉండేది. 1954లో అక్కడ స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. 1958లో మళ్ళీ అధికారానికి వచ్చిన డిగాల్ ఆ దేశాన్ని ఫ్రాన్సు వదులుకోకుండా కాపాడతాడని అక్కడి ఫ్రెంచి వలసదారులూ, సైన్యంలో ఒక వర్గమూ ఆశపడ్డారు. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమైంది. ఇది ద్రోహమని మండిపడినవారి రహస్య సంస్థ పేరు ఓఏఎస్. 1962 ఆగస్టు 22 సాయంత్రం పారిస్ శివార్లలోని పెటీ క్లమార్ దగ్గర డిగాల్ కారు మీద నూటికి పైగా తూటాలు కురిశాయి. టైర్లు పేలినా డ్రైవరు కారు ఆపకుండా దూసుకుపోవడంతో డిగాల్, ఆయన భార్య ప్రాణాలతో బయటపడ్డారు. ఆ దాడికి నాయకత్వం వహించిన బాస్త్యాఁ తిరీ అనే వైమానిక దళ ఇంజనీరును 1963 మార్చి 11న కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 35 ఏళ్ళు.

ఇంతవరకు చరిత్ర. నవల సరిగ్గా ఆ మరణశిక్షతో మొదలవుతుంది. చరిత్ర ఎక్కడ ఆగిందో, కల్పన ఎక్కడ మొదలైందో అతుకు కనిపించదు.

ఓఏఎస్‌లో మిగిలిన ముగ్గురు నాయకులు ఒక నిర్ణయానికి వస్తారు. తమ సంస్థ నిండా ప్రభుత్వ గూఢచారులు ఉన్నారు. తమ మనిషి ఎవరు వెళ్ళినా పట్టుబడతాడు. కనుక ఏ పోలీసు దస్త్రంలోనూ లేని పరాయివాణ్ణి కూలికి తెచ్చుకోవాలి. వియన్నాలో వారిని కలిసిన ఆంగ్లేయుడు ఐదు లక్షల డాలర్లు అడుగుతాడు, అందులో సగం ముందుగానే ఇవ్వాలంటాడు. అతను తనకు పెట్టుకున్న రహస్యనామం 'జాకాల్', అంటే నక్క. ఆ డబ్బు కోసం సంస్థవారు ఫ్రాన్సులో బ్యాంకులు దోచుకుంటారు. అక్కడి నుంచి ఒకవైపు నక్క ఏర్పాట్లు, మరోవైపు దాని జాడ పట్టడానికి క్లాద్ లెబెల్ అనే పోలీసు అధికారి పడే పాట్లు.

గుణాలు

ఈ నవలకు మొదటి బలం రచయిత అనుభవం. ఫోర్సైత్ 1938లో కెంట్ జిల్లాలోని ఆష్‌ఫర్డ్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే వైమానిక దళంలో విమానం నడిపాడు. తర్వాత రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరిగా 1962లో పారిస్ చేరి, డిగాల్ మీద హత్యాప్రయత్నాలు జరుగుతున్న ఆ రోజులను కళ్ళారా చూశాడు. ఓఏఎస్ తన సొంత మనుషులతో ఈ పని చేయలేదని, బయటివాడు వస్తే తప్ప సాధ్యం కాదని అతనికి అప్పుడే అనిపించింది. తర్వాత బయాఫ్రా యుద్ధం చూసి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఇంగ్లండు తిరిగివచ్చి, 1970 ఆరంభంలో 35 రోజుల్లో ఈ నవల రాసేశాడు. డబ్బు కోసమే రాశానని దాచుకోకుండా చెప్పుకున్న మనిషి. 2025 జూన్‌లో, 86వ ఏట కన్నుమూశాడు.

రెండవ బలం వివరం. దొంగ పాస్‌పోర్టు ఎలా పుడుతుంది, తుపాకీని విడదీసి కారు అడుగున ఎలా దాస్తారు, అడవిలో పుచ్చకాయకు గురిపెట్టి దాన్ని ఎలా సరిచూస్తారు, ఒక డేనిష్ మతగురువు పాస్‌పోర్టూ ఒక అమెరికన్ విద్యార్థి పాస్‌పోర్టూ ఎందుకు కాజేస్తారు, ఇవన్నీ పనివాడు పనిముట్లు సర్దుకున్నట్టు రాస్తాడు. ఎక్కడా గొంతు పెంచడు. విశేషణాలు తక్కువ. విలేకరి వార్త రాసే ధోరణిలోనే అబద్ధం చెబుతాడు కనుక మనం నమ్మేస్తాం. మంత్రివర్గ సమావేశంలో నిజమైన హోంమంత్రి రోజే ఫ్రే పక్కన కల్పిత అధికారులు కూర్చుంటారు. ఎవరు నిజమో ఎవరు కల్పనో అడగాలని కూడా మనకు తోచదు.

మూడవ బలం లెబెల్ పాత్ర. మన డిటెక్టివ్ నవలల కథానాయకుల్లా అతను ఆజానుబాహువు కాడు. పొట్టిగా, సాదాగా, ఇంట్లో భార్య గదమాయింపుకు తలవంచే గుమాస్తాలా ఉంటాడు. అతని ఆయుధాలు టెలిఫోను, హోటళ్ళలో దిగినవారి నమోదు కార్డులు, నిద్ర లేని రాత్రులు. పైగా డిగాల్ తన కార్యక్రమాలు మార్చుకోనంటాడు, విషయం పత్రికలకు పొక్కరాదంటాడు. ఆ రెండు సంకెళ్ళతోనే అతను పరుగెత్తాలి.

విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం' చదివినవారికి ఇక్కడ చాణక్యుడు గుర్తుకు వస్తాడు. చంద్రగుప్తుణ్ణి పడకగదిలో చంపడానికి శత్రువులు గోడ లోపలి సొరంగంలో మనుషులను దాస్తారు. చాణక్యుడు గదిలోకి వచ్చి గోడ పగులులోంచి అన్నం మెతుకులు మోసుకువస్తున్న చీమల బారు చూస్తాడు. మెతుకులు ఉన్నాయంటే తినేవాడు ఉన్నాడు! అంతే, రహస్యం బయటపడుతుంది. లెబెల్ వెదికేది కూడా అలాంటి చీమల బారునే. లండన్ పోలీసులకు చార్లెస్ కాల్‌త్రోప్ అనే పేరు దొరుకుతుంది. ఇంగ్లీషులో ఆ పేరు మొదటి మూడక్షరాలూ, ఇంటిపేరు మొదటి మూడక్షరాలూ కలిపితే ఫ్రెంచిలో నక్క అనే మాట వస్తుంది. ఈ ఆధారం ఎంత గట్టిదో, ఎంత డొల్లదో చివరి పేజీలో గానీ తేలదు. చదవనివారి ఆనందం చెడగొట్టడం భావ్యం కాదు కనుక అంతకు మించి చెప్పను.

నాలుగవ బలం కాలాన్ని వాడుకున్న తీరు. నవల మూడు భాగాలు: పన్నాగం, వేట, హత్యాయత్నం. మొదటిది నెమ్మదిగా నెలల మీద నడుస్తుంది. రెండోది రోజుల మీద నడుస్తుంది. మూడోది గంటలకూ నిమిషాలకూ దిగుతుంది. 1963 ఆగస్టు 25, పారిస్ విమోచన దినం. మాజీ సైనికులకు పతకాలు ఇవ్వడానికి అధ్యక్షుడు బహిరంగంగా నిలబడక తప్పని రోజు అది. వేటగాడికీ, కాపలావాడికీ ఆ తేదీ ముందే తెలుసు. ఎంతోమంది పోలీసులు ముట్టడించిన ఆ చౌకులోకి తక్షకుడు ఏ పండులో దూరి వస్తాడన్నదే మిగిలిన ప్రశ్న.

దోషాలు

ఇక త్రాసు రెండో తట్ట. చిన్న లోపాలతో మొదలుపెడదాం.

మొదటి భాగంలో సమాచారం బరువు ఎక్కువ. ఫ్రెంచి రహస్య పోలీసు శాఖల పేర్లు, విభాగాలు, వారిలో వారి స్పర్ధలు పేజీల కొద్దీ వస్తాయి. ఓపిక లేనివారు అక్కడే పుస్తకం మూసేస్తారు. రెండవది, యాదృచ్ఛికాలు. పోలీసులు తలుపు తట్టేసరికి నక్క అప్పుడే వెళ్ళిపోయి ఉంటుంది. ఒకసారి అయితే సరే, ఇది పదేపదే జరుగుతుంది. మంత్రివర్గ రహస్యాలు బయటికి పొక్కే దారి ఒకటి రచయిత ఏర్పాటు చేశాడు కనుక కొంత నమ్మవచ్చు. మిగతాది అదృష్టమే.

మూడవది, స్త్రీ పాత్రలు. ఉన్నవారు చాలా తక్కువ. ఉన్నవారిలో ఒకరు అధికారి దగ్గర రహస్యాలు లాగడానికి పనికివచ్చే అందగత్తె. మరొకరు హంతకుడికి ఆశ్రయమిచ్చి, అనుమానం వచ్చిన పాపానికి ప్రాణం పోగొట్టుకునే జమీందారిణి. పారిస్‌లో హంతకుడికి ఇల్లు చూపించిన ఒంటరి మగవాడి గతీ అంతే. ఇలాంటివారు కథకు మెట్లు మాత్రమే. కాలు మోపి దాటిపోవడానికే ఉన్నారు. వారి చావును రచయిత ఒకటి రెండు వాక్యాల్లో ముగించి ముందుకు పోతాడు.

నాలుగవది పెద్ద లోపం. కథ మొత్తానికి కారణం అల్జీరియా. ఆ యుద్ధంలో లక్షలమంది అల్జీరియన్లు చనిపోయారు. నవలలో మాట్లాడే పాత్రల్లో చెప్పుకోదగ్గ అల్జీరియన్ ఒక్కడూ లేడు. ఫ్రెంచివాడి కోపం ఉంది, ఫ్రెంచివాడి గర్వభంగం ఉంది. ఎవరి నేల కోసం ఈ రక్తపాతం జరిగిందో వారి ఊసే లేదు. ఒక ఆంగ్లేయుడు మన స్వాతంత్ర్యోద్యమం మీద నవల రాసి, అందులో తెల్లదొరల కలహాలు మాత్రమే వర్ణిస్తే మనకు ఎలా ఉంటుంది? పరపాలన అనుభవించిన జాతిగా మనం ఈ ఖాళీని గుర్తించకుండా ఉండలేం.

దీనికి తోడు కొవాల్‌స్కీ ఉదంతం. ఓఏఎస్ నాయకుడి అంగరక్షకుడు అతను, మొరటు మనిషి. తన చిన్నారి కూతురికి జబ్బుగా ఉందన్న ఉత్తరం చూసి, వల అని తెలియక ఫ్రాన్సుకు పరుగెత్తి వస్తాడు. ప్రభుత్వ మనుషులు పట్టుకుని చిత్రహింసలు పెడతారు. చావుబతుకుల్లో అతను గొణిగిన మాటల నుంచే మొదటి ఆధారం దొరుకుతుంది. నవల మొత్తంలో మన గుండెను తాకే మనిషి అతనొక్కడే. కానీ ఆ హింస న్యాయమా అని ఏ పాత్రా అడగదు, రచయితా అడగడు. సమాచారం దొరికింది కదా, పని ముందుకు సాగింది కదా అన్న ధోరణి.

చనిపోయిన పసివాడి పేరు

అన్నిటికన్నా బరువైన విషయం చివరికి మిగిల్చాను. నక్క దొంగ పాస్‌పోర్టు సంపాదించే పద్ధతి ఈ నవలలో అందరూ మెచ్చుకునే ఘట్టం. పల్లెటూరి చర్చి శ్మశానంలో తిరిగి, తన వయసు వాడై ఉండవలసిన, పసితనంలోనే చనిపోయిన ఒక పిల్లవాడి సమాధి వెదుకుతాడు. ఆ పేరు మీద జనన ధ్రువపత్రం తీసుకుని, దానితో పాస్‌పోర్టు తెచ్చుకుంటాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో జనన, మరణాల లెక్కలను పోల్చి చూసే ఏర్పాటు లేదు. చదువుతున్నప్పుడు అబ్బ, ఏం తెలివి అనుకుంటాం. ఆ పిల్లవాడి తల్లి గురించి ఒక్క క్షణం ఆలోచించం.

నవలలోని ఈ కిటుకు నవలలోనే ఆగిపోలేదు. 1974లో జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు సముద్రంలో మునిగిపోయినట్టు నటించి, చనిపోయిన మరొకరి పేరు మీద పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియా చేరి అక్కడ దొరికిపోయాడు. అది ఒక మోసగాడి కథ అనుకుని వదిలేయవచ్చు. 2013లో బయటపడిన విషయం అలా వదిలేసేది కాదు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల్లోని రహస్య విభాగంవారు ఉద్యమ సంఘాల్లోకి మారుపేర్లతో చొరబడటానికి, దశాబ్దాల పాటు, చనిపోయిన పిల్లల పేర్లూ పుట్టినరోజులూ వాడుకున్నారు. తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పలేదు. తమలో తాము ఆ పనికి పెట్టుకున్న ముద్దుపేరు ఈ నవల నుంచి తీసుకున్నదే, 'జాకాల్' పరుగు! ఆ ఏడాదే పోలీసు కమిషనర్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

నవలలో నక్క చేసిన పనిని చట్టాన్ని కాపాడవలసినవారే చేశారు. దీనికి ఫోర్సైత్‌ను దోషిగా నిలబెట్టలేం. అతను లొసుగును చూపించాడు, సృష్టించలేదు. కానీ తెలివిని మాత్రమే చూపించి, ఆ తెలివి ఎవరి గుండెలో గునపమవుతుందో చూపించకపోవడం ఈ నవల స్వభావంలోనే ఉన్న లోపం. పనితనం ఇంత చక్కగా వర్ణించిన రచయిత చేతికి నొప్పి మాత్రం దొరకలేదు.

మనం ఎవరి పక్షం?

ఈ పుస్తకం చదివిన ప్రతివారికీ ఒక విచిత్రమైన అనుభవం కలుగుతుంది. సరిహద్దు దగ్గర కస్టమ్స్ అధికారి కారు తనిఖీ చేస్తుంటే, తుపాకీ దొరకకూడదని మనమే లోలోపల కోరుకుంటాం. హంతకుడి భుజం వెనక కూర్చోబెట్టి కథ చెప్పడం వల్ల వచ్చిన మాయ ఇది. అతనికి గతం లేదు, కుటుంబం లేదు, నమ్మకం లేదు. డిగాల్ మీద ద్వేషం కూడా లేదు. డబ్బు, పనిలో పరిపూర్ణత, అంతే. అలాంటివాడు పట్టుబడకూడదని మనం ఎందుకు కోరుకుంటున్నాం?

మన తరానికి ఈ ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు. 1948 జనవరి 30ని మన పెద్దలు చూశారు. 1984 అక్టోబరు 31ని మనం చూశాం. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో పూలదండల మధ్య ఏం జరిగిందో మరచిపోలేదు. రాజీవ్ గాంధీతో పాటు పద్నాలుగు మంది చనిపోయారు. వారిలో బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఉన్నారు, నాయకుణ్ణి చూద్దామని వచ్చిన సామాన్యులు ఉన్నారు. అసలైన హత్య వెనక ఎక్కడో ఒక ఇంట్లో అన్నం వండుకుని ఎదురుచూసే మనిషి ఉంటుంది. ఈ నవలలో ఆ ఇల్లు లేదు.

అయితే ఈ పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వకూడదా? నా అభిప్రాయం అది కాదు. పట్టు సడలకుండా కథ చెప్పడం ఎలాగో, చరిత్రను కల్పనతో ఎలా అల్లాలో నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం దొరకడం కష్టం. పదహారేళ్ళు దాటిన మన పిల్లలు ఇక్కడి లైబ్రరీల నుంచి ఇలాంటి పుస్తకాలు ఎలాగూ తెచ్చుకుంటారు. తెచ్చుకోనివ్వండి. మీరూ చదవండి. అన్నాల దగ్గర నాలుగు ప్రశ్నలు వేయండి. అల్జీరియా వాళ్ళు ఇందులో ఎందుకు మాట్లాడలేదు? కొవాల్‌స్కీని అలా హింసించడం తప్పా, ఒప్పా? ఆ సమాధిలోని పిల్లవాడి తల్లికి విషయం తెలిస్తే ఏమనుకుంటుంది? చదువుతున్నంతసేపూ నువ్వు ఎవరు గెలవాలనుకున్నావు?

పరీక్షిత్తు కథ తక్షకుడి తెలివితో ముగిసిపోలేదు. తండ్రిని పోగొట్టుకున్న జనమేజయుడి దుఃఖం, ఆ దుఃఖంలోంచి పుట్టిన సర్పయాగం, దాన్ని ఆపడానికి వచ్చిన ఆస్తీకుడు, వీరందరూ తర్వాత వస్తారు. ఆ యాగశాలలోనే కదా వైశంపాయనుడు భారతమంతా వినిపించాడు! చంపిన తర్వాత ఏమవుతుందో చెప్పడానికి వ్యాసుడికి అంత కథ కావలసి వచ్చింది. ఫోర్సైత్ పండు లోపలి పురుగును అద్భుతంగా చూపించి అక్కడితో ఆగాడు. మిగతా కథ మన పిల్లలకు మనం చెప్పుకోవలసిందే.